షీహీ ఇంటిపేరు వెంట డబ్లిన్‌లో మూడు రోజులు

మదనపల్లె బీటీ కాలేజీలో చదివిన నాకు మార్గరెట్ కజిన్స్ కొత్త కాదు. 1919లో ఠాగూర్ అక్కడికి వచ్చినప్పుడు జనగణమనకు స్వరాలు రాసిపెట్టింది ఆవిడే. అంతకుముందు, 1908లో, ఐర్లండ్ ఆడవాళ్ల ఓటుహక్కు కోసం హన్నా షీహీ స్కెఫింగ్టన్‌తో కలిసి సంఘం పెట్టింది. అమ్మాయి ఉద్యోగం డబ్లిన్‌లో కాబట్టి, ఈసారి హన్నా తిరిగిన చోట్లన్నీ చూడాలనుకున్నాను.

అప్పట్లో బ్రిటిష్ పాలన నడిచిన డబ్లిన్ కోట లోపలి హాళ్లకు టికెట్ ఉంది. తీరిక లేకపోతే వదిలేయొచ్చు. వెనకున్న షిప్ స్ట్రీట్ మాత్రం వదలకండి. 1912 జూన్ 13న ఓటుహక్కు కోసం హన్నా ఇక్కడే కోట కిటికీ అద్దాలు పగలగొట్టింది. మౌంట్‌జాయ్ జైల్లో పెడితే నిరాహార దీక్ష చేసింది. బూడిదరంగు రాతిగోడ మీద ఆమె పేరుతో ఫలకం ఉంది. నేను వెళ్లేసరికి సన్నగా వాన పడుతోంది. అక్షరాల గాడిలో నీళ్లు నిలిచాయి, చేత్తో తుడిచి చదివాను. పైసా ఖర్చు లేదు. యాత్ర మొత్తంలో నాకు బాగా గుర్తుండిపోయింది ఈ గోడే.

ఇంటిపేరు సంగతీ చెప్పాలి. 1903లో పెళ్లయ్యాక హన్నా భర్త ఫ్రాన్సిస్ స్కెఫింగ్టన్ పేరు చేర్చుకుంటే, అతను ఆమె ఇంటిపేరు షీహీని తన పేరులో కలుపుకున్నాడు. మా ఇళ్లలో ఇప్పటికీ ఇలా చేసిన మగవాణ్ణి నేను చూడలేదు! యుద్ధమంటే గిట్టని ఆ మనిషిని, బ్రిటిష్ పాలన మీద జరిగిన 1916 తిరుగుబాటు రోజుల్లో లూటీలు ఆపడానికి తిరుగుతుంటే పట్టుకెళ్లి, విచారణ లేకుండా ఏప్రిల్ 26న పోర్టొబెల్లో బ్యారక్స్‌లో కాల్చేశారు. ప్రభుత్వం పరిహారం ఇస్తానంటే హన్నా పుచ్చుకోలేదు, విచారణ జరపమంది. రాత్‌మైన్స్‌లోని ఆ బ్యారక్స్‌లో ఇప్పటికీ సైన్యం ఉంది. గేటు దగ్గర కాసేపు నిలబడి వచ్చేశాను.

ఆ తిరుగుబాటు నాయకులను కాల్చిచంపిన, ఇప్పుడు మ్యూజియంగా ఉన్న కిల్‌మెయిన్‌హామ్ జైలుకు ముందే ఆన్‌లైన్‌లో టికెట్ తీసుకోండి, అప్పటికప్పుడు దొరకడం కష్టం. గైడ్ వెంట ఉండి చూపిస్తారు. మాకు వచ్చినామె ఎంత ఓపిగ్గా చెప్పిందో!

అమ్మాయి గది చిన్నది కావడంతో నేను గెస్ట్‌హౌస్‌లో దిగాను. లిఫ్ట్ లేదు, రాత్రి పదికల్లా హీటర్ ఆపేసేవారు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు బుక్ చేసేముందే ఈ రెండూ అడగండి. బస్సుల టెన్షన్ మాత్రం లేదు. ముందే డబ్బులు వేసుకుని వాడే లీప్ కార్డు తీసుకుంటే చాలు. డబ్బులిచ్చి ఎక్కితే సరిగ్గా చిల్లర వేయాలి, తిరిగివ్వరు.

చివరి రోజు గ్లాస్‌నెవిన్ శ్మశానం. చాలా పెద్దది, ఆఫీసులో దారి అడిగి వెళ్లండి. హన్నా, ఫ్రాన్సిస్ ఇద్దరూ అక్కడే ఉన్నారు. ఫొటో తీసి కాలేజీ స్నేహితురాళ్లకు పంపాను.