14416: ఫౌజీల ఇంటివాళ్లు దాచుకోవాల్సిన నంబరు

ముందే చెప్తున్నా, 14416 అనే ఈ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసింది ఫౌజీ, అంటే సైనికుడైన మా ఆయన కాదు, నేను.

ఆయన కశ్మీర్‌లో కుప్వారా వైపు, ఉగ్రవాదులతో పోరాడే రాష్ట్రీయ రైఫిల్స్ దళంలో చేసి, పీస్ స్టేషన్‌కి, అంటే గొడవల్లేని చోటికి వెళ్లే ముందు సెలవు మీద పర్లాకిమిడి వచ్చారు. పక్క కిరాణా కొట్టు షట్టర్ దించితే చాలు, కంచం ముందు నుంచి లేచిపోయి గుమ్మం పక్క గోడకి వీపు ఆనించి నిలబడేవారు. చేతికి మెతుకులు అలాగే ఉండేవి. రాత్రిళ్లు నిద్ర లేదు. గుండె పట్టేసినట్టుందంటే ఓ ప్రైవేటు ఆసుపత్రికి తీసుకెళ్లాం. ఈసీజీ, రక్త పరీక్షలు అన్నీ చేసి గ్యాస్ అని మాత్రలు రాసిచ్చారు. మా అత్తగారు దిష్టి తీసి తాయెత్తు కట్టించారు. ఖర్చు చూస్తే ఆవిడ వైద్యమే నయం.

మిలిటరీ ఆసుపత్రి మాటెత్తితే ఆయనకి కోపం. మెడికల్ కేటగిరీ, అంటే ఆరోగ్యాన్ని బట్టి సైన్యం ఇచ్చే గ్రేడు తగ్గిస్తే ప్రమోషన్ పోతుందని టెన్షన్. ఫౌజీల ఇళ్లలో ఈ భయం తెలియనిది కాదు.

టెలి మానస్ అనే ఈ సర్వీసును కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. ఉచితం, రాత్రీ పగలూ ఉంటుంది, 20 భాషల్లో మాట్లాడొచ్చు. ఒడిశాలో ఉన్నాం కదా, ఒడియాలోనే మాట్లాడాలేమో అనుకున్నా. తెలుగు ఎంచుకుంటే తెలుగమ్మాయే పలికింది.

ఆయన అక్కడ ఏం చూశారో గుచ్చి గుచ్చి అడగొద్దు, ఆయనే చెప్తే వినండి అంది. నిద్రలో కేకేస్తే పట్టుకుని కుదపకుండా, లైటు వేసి, కాస్త దూరం నుంచి పేరు పెట్టి పిలవమంది. పేరు పెట్టి! మా ఇళ్లలో మొగుణ్ణి పేరుతో పిలవడం ఎక్కడుంది? ఆ డ్యూటీ అత్తగారికి పడింది. క్యాంటీన్ రమ్ముతో నిద్ర పట్టినట్టే ఉంటుంది గానీ నడిరాత్రి మెలకువ వచ్చేస్తుందని కూడా చెప్పింది. ఫీల్డ్ (సరిహద్దు, గొడవల ప్రాంతాల) డ్యూటీ నుంచి వచ్చిన చాలామందికి మొదట్లో ఇలాగే ఉండి మెల్లగా సర్దుకుంటుందట. నెల దాటినా పీడకలలు, ఉలికిపాటు, మనుషుల్ని తప్పించుకోవడం తగ్గకపోతే పీటీఎస్‌డీ (భయంకరమైనవి చూశాక మనసుకి పట్టుకునే జబ్బు) ఏమో డాక్టరు చూడాలట.

తోటివాళ్లతో మాటలు తెగిపోకుండా చూడమంది. నన్నడిగితే అన్నిట్లోకీ బాగా పనిచేసింది అదే. విజయనగరంలో ఒకరు, సతారాలో ఒకరు, పాత బడ్డీలిద్దరూ ఆదివారం వీడియో కాల్ చేస్తారు. హిందీలో ఒకళ్లనొకళ్లు తిట్టుకుంటూ పగలబడి నవ్వుతారు. నాతో చెప్పనివన్నీ వాళ్లతో చెప్తారు. చెప్పనీ.

నాలుగు స్టార్లు ఇస్తా. అవసరమైతే సైకియాట్రిస్టుతోనూ మాట్లాడిస్తారు గానీ, ఎదురుగా కూర్చోబెట్టి చూపించాలంటే మాలాంటి వాళ్లు బరంపురం ఎంకేసీజీ మెడికల్ కాలేజీకో, సరిహద్దు దాటి శ్రీకాకుళానికో పోవాల్సిందే. సైన్యం వాళ్ల కోసం 2023 డిసెంబరు 1న పుణేలోని సైనిక మెడికల్ కాలేజీ ఏఎఫ్ఎంసీలో ప్రత్యేకంగా టెలి మానస్ సెల్ పెట్టారు. ఆయన ఇంకా దానికి చేయలేదు, నేను పోరుతూనే ఉన్నా.

మీరు చేసేటట్టయితే ఆయన వాకింగ్‌కి వెళ్లినప్పుడు చేయండి. ఇంట్లో ఉంటే సగం మాటలు మింగేస్తాం.