ట్రాకింగ్ కదిలింది, పార్సిల్ కదలలేదు

గత ఎనిమిది నెలల్లో నేను తపాలా పార్సిల్ సేవను పదకొండు సార్లు వాడుకున్నాను. వాటిలో నాలుగు నేను పంపినవి, ఏడు నాకు రావలసినవి. ఐదు పార్సిళ్లు చెప్పిన గడువులోనే చేరాయి, నాలుగు బాగా ఆలస్యంగా చేరాయి, ఒకటి నా గుమ్మం దాకా రాకుండానే పంపినవారికి తిరిగి వెళ్లిపోయింది, ఇంకొకటి ఏమైందో ఇప్పటికీ తేలలేదు. ఒక్క చేదు అనుభవంతో కోపం వచ్చి రాస్తున్న సమీక్ష కాదని తెలియజేయడానికే ఈ లెక్క ముందుగా చెప్పాను. ఆలస్యాన్ని నేను కొంతవరకు సహించగలను. ఆలస్యమవుతున్నన్నాళ్లూ ఆ సేవ నాకు చెప్పిన అబద్ధాలను మాత్రం సహించలేకపోతున్నాను.

మొదట మంచి సంగతి చెప్పాలి. కౌంటర్ దగ్గర జరిగే పనిలో నాకు లోపమేమీ కనబడలేదు. తూకం సరిగా వేస్తారు, చిరునామా ఒకసారి పైకి చదివి సరిచూసుకుంటారు, అట్టపెట్టె అంచులు బలహీనంగా ఉంటే ఇంకో వరుస టేపు వేయమని చెప్పి మరీ తీసుకుంటారు. ధర విషయంలోనూ ఈ సేవకు ఒక పెద్ద అనుకూలత ఉంది. చాలా కొరియర్ సంస్థలు పెట్టె పొడవు, వెడల్పు, ఎత్తులను సెంటీమీటర్లలో గుణించి 5000తో భాగించి, వచ్చిన అంకెను కిలోలుగా తీసుకుంటాయి. అసలు బరువు అంతకంటే తక్కువైతే ఆ లెక్క ప్రకారమే వసూలు చేస్తాయి. నేను పంపిన దూది బొంత అసలు బరువు 3 కిలోలు, దాన్ని పెట్టిన పెట్టె కొలతలు 50, 40, 30 సెంటీమీటర్లు. కొరియర్ లెక్కలో అది 12 కిలోలు అవుతుంది. నేను వాడిన తపాలా సేవలో తూకం యంత్రం ఎంత చూపిస్తే అంతే. ఆ బొంత నాలుగో రోజున క్షేమంగా చేరింది కూడా. బరువు తక్కువగా ఉండి చోటు ఎక్కువ ఆక్రమించే వస్తువులకు ఇంతకంటే చవకైన మార్గం నాకు దొరకలేదు.

చిక్కంతా రసీదు చేతికి వచ్చిన తర్వాతే మొదలవుతుంది. నాకు విదేశం నుంచి రావలసిన ఒక చిన్న పార్సిల్ ఉదాహరణ చెబుతాను. మా అత్తగారి వినికిడి యంత్రానికి అమర్చే ఒక భాగం విరిగిపోతే, అది అక్కడే దొరుకుతుందని తెలిసి ఒక బంధువు చేత తెప్పించుకున్నాము. పంపినవారు ట్రాకింగ్ సంఖ్య ఆ రోజే తెలియజేశారు. ఆరు రోజుల పాటు ఆ సంఖ్యను ఎప్పుడు కొట్టినా ‘వివరాలు లభ్యం కావు’ అన్న జవాబే వచ్చింది. సంఖ్య తప్పుగా రాసుకున్నామేమోనన్న అనుమానంతో ఒక రాత్రి కూర్చుని నేనే దాన్ని సరిచూశాను. ఇది చేయడం సులువే. అంతర్జాతీయ తపాలా సంఖ్యలో మొత్తం 13 అక్షరాలూ అంకెలూ ఉంటాయి: ముందు రెండు అక్షరాలు, తర్వాత తొమ్మిది అంకెలు, చివర దేశాన్ని సూచించే రెండు అక్షరాలు. మొదటి అక్షరం ‘సి’ అయితే పార్సిల్, ‘ఆర్’ అయితే రిజిస్టర్డ్, ‘ఇ’ అయితే ఎక్స్‌ప్రెస్. తొమ్మిదో అంకె మిగిలిన ఎనిమిదింటికీ కాపలాదారు. ఆ ఎనిమిది అంకెలను వరుసగా 8, 6, 4, 2, 3, 5, 9, 7తో గుణించి, మొత్తాన్ని 11తో భాగించి, శేషాన్ని 11లోంచి తీసివేస్తే ఆ తొమ్మిదో అంకె రావాలి; 10 వస్తే 0గానూ, 11 వస్తే 5గానూ తీసుకోవాలి. నా లెక్క సరిపోయింది. అంటే సంఖ్య తప్పుగా రాసుకుని ఉండే అవకాశం తక్కువ, ఆ పెట్టెను ఆరు రోజులుగా ఎవరూ స్కాన్ చేసి ఉండరన్నమాట. నా తీరిక సమయాన్ని ఇలాంటి గణితానికి ఖర్చు చేయించడం కూడా ఈ సేవ లోపాల జాబితాలోకే వస్తుందని నా అభిప్రాయం.

ఏడో రోజున ‘పంపిన దేశపు ఎక్స్‌ఛేంజ్ కేంద్రం నుంచి బయలుదేరింది’ అని కనబడింది (ఎక్స్‌ఛేంజ్ కేంద్రం అంటే దేశాల మధ్య తపాలా చేతులు మారే చోటు). ఆ మాట చదివితే విమానం గాలిలోకి లేచిందనుకుంటాము. నిజానికి పార్సిళ్లను ఒక దేశపు తపాలా మరో దేశపు తపాలాకు సంచులుగానో పెద్ద పెట్టెలుగానో కట్టి అప్పగిస్తుంది. సంచి మీది లేబుల్‌ను స్కాన్ చేస్తే లోపలున్న ప్రతి వస్తువు ఖాతాలోనూ అదే సమాచారం నమోదు కావచ్చు. సంచి కట్టడం పూర్తయిన తర్వాత అది విమానంలో చోటు కోసం ఎన్ని రోజులు వేచి ఉన్నా తెర మీద మాత్రం ‘బయలుదేరింది’ అనే ఉంటుంది. అవతలి దేశపు కేంద్రం దాన్ని విప్పి స్కాన్ చేసే దాకా మధ్యలో ఉన్నదంతా చీకటి. మా పార్సిల్ ఆ చీకటిలో పద్నాలుగు రోజులు గడిపింది. ఈ ఆలస్యానికి నేను స్థానిక తపాలాను తప్పు పట్టను. కానీ ‘సంచి కట్టాము, ఇంకా విమానం ఎక్కలేదు’ అని రాయడానికి ఎవరికీ అభ్యంతరం ఉండనక్కర లేదు గదా.

తర్వాత కస్టమ్స్‌లో ఐదు రోజులు ఆగింది. ఇక్కడ తప్పు మావైపే ఉంది. పార్సిల్‌కు జతచేసే సీఎన్ 22, సీఎన్ 23 అనే కస్టమ్స్ ప్రకటన పత్రాలలో వస్తువు పేరు, విలువ, బరువు స్పష్టంగా రాయాలి. మా బంధువు ఆ గడిలో ‘బహుమతి’ అని మాత్రమే రాసి ఊరుకున్నారు. ఆ వివరాలను పార్సిల్ కంటే ముందే ఎలక్ట్రానిక్ రూపంలో పంపాలని దేశాల మధ్య తపాలాకు నియమాలు ఏర్పరచే యూనివర్సల్ పోస్టల్ యూనియన్ 2021 జనవరి 1 నుంచి నిబంధన పెట్టింది కాబట్టి, అస్పష్టమైన మాట ఒకటి రాస్తే పార్సిల్ ఆగిపోవడానికి అదే కారణం కావచ్చు. ఈ సంగతి పంపేవారికి ముందే గట్టిగా చెప్పండి.

నా సహనం నశించింది ఆ తర్వాత. పార్సిల్ మా ప్రాంతపు కార్యాలయానికి చేరిన మర్నాడు సాయంత్రం 6 గంటల 52 నిమిషాలకు ‘తలుపు తాళం వేసి ఉంది, అందజేయలేకపోయాము’ అని నమోదైంది. ఆ సమయంలో నేను వీధి గదిలోనే కూర్చుని ఉన్నాను, తలుపు తీసే ఉంది. ఎవరూ రాలేదు, ఫోన్ రాలేదు, చీటీ లేదు. మర్నాడు కార్యాలయానికి వెళ్లి అడిగితే, పిలిచినప్పుడు ఇంట్లోవారికి వినబడలేదేమోనని ఒక ఉద్యోగి సందేహం వెలిబుచ్చారు. పార్సిల్‌లో ఉన్నది వినికిడి యంత్రపు భాగం అని అప్పుడు చెబితే వాదన నాకే ఎదురు తిరుగుతుందని ఊరుకున్నాను.

మూడు రోజుల తర్వాత పార్సిల్ తెచ్చి ఇచ్చిన వ్యక్తినే ఈ విషయం మర్యాదగా అడిగాను. ఆయన దాచకుండా చెప్పారు: “మేడమ్, సంచిలో తీసుకెళ్లినవన్నీ రాత్రిలోగా ఏదో ఒక కారణంతో ముగించాలి. ‘సమయం చాలలేదు’ అన్న కారణం మా ఫోన్‌లో ఉండదు. ఉన్నవాటిలో తాళం వేసి ఉంది అన్నదే దగ్గరగా ఉంటుంది.” పంచగలిగినదానికంటే ఎక్కువ అప్పగించి, నిజం రాయడానికి గడి కూడా ఇవ్వకపోతే ఆ మనిషి మాత్రం ఏం చేస్తాడు? అయినా ఆ చిన్న అబద్ధపు ఫలితం చిన్నది కాదు. అలాంటి నమోదులు వరుసగా రెండు పడినందువల్లనే నా ఇంకొక పార్సిల్ నేను ఇంట్లో ఉండగానే పంపినవారికి తిరిగి వెళ్లిపోయింది. దాన్ని మళ్లీ రప్పించుకోవడానికి రెండోసారి రుసుము కట్టవలసి వచ్చింది.

ఇక కనబడకుండా పోయిన పార్సిల్ సంగతి. అది ఒక పాత పత్రిక ఏడాది సంచికలన్నిటినీ కలిపి బైండు చేయించిన సంపుటం, దానికి ఇంకో ప్రతి దొరికే అవకాశం లేదు. సార్టింగ్ కేంద్రానికి చేరినట్టు ఒక నమోదు ఉంది, ఆ తర్వాత ఏమీ లేదు. నేను వేసిన మొదటి ఫిర్యాదును ‘పార్సిల్ మార్గమధ్యంలో ఉంది’ అన్న ఒక్క వాక్యంతో పరిష్కరించినట్టుగా మూసివేశారు. రెండో ఫిర్యాదుకు, రుసుము కట్టింది పంపినవారు కాబట్టి విచారణ కోరవలసింది కూడా వారేనని జవాబిచ్చారు. ఈ నియమం వినడానికి విడ్డూరంగా ఉన్నా అనేక తపాలా వ్యవస్థలలో ఇదే పద్ధతి. అంతర్జాతీయ పార్సిళ్ల విషయంలో విచారణ కోరడానికి పంపిన మర్నాటి నుంచి ఆరు నెలల గడువు కూడా ఉంది. అందువల్ల రాలేదన్న అనుమానం కలిగిన వెంటనే పంపినవారికి చెప్పడం మంచిది, వారం వారం ఎదురుచూస్తూ కూర్చుంటే గడువు దాటిపోతుంది. మాది బీమా చేయని పార్సిల్ కావడంతో, పోయిందని తేలినా దక్కేది ఆ సంపుటం విలువ కాదు, నిబంధనల్లో ఉన్న పరిమిత మొత్తం మాత్రమే.

ఇన్ని అనుభవాల తర్వాత నేను కొన్ని జాగ్రత్తలు అలవాటు చేసుకున్నాను. చిరునామా, ఫోన్ నంబరు రాసిన కాగితం ఒకటి పెట్టె లోపల కూడా పెడుతున్నాను, ఎందుకంటే పైన అతికించిన లేబుల్ ఊడిపోతే ఆ పెట్టెను ఎవరికి చేర్చాలో లోపలి కాగితమే చెప్పగలదు. మూసే ముందు, మూసిన తర్వాత ఫొటోలు తీస్తున్నాను. విలువైనదైతే బీమా చేయిస్తున్నాను. పాత లేబుళ్లు ఉన్న పెట్టెను మళ్లీ వాడవలసివస్తే వెనకటి బార్‌కోడ్‌ను నల్ల సిరాతో పూర్తిగా కొట్టేస్తున్నాను. యంత్రం ఏ బార్‌కోడ్‌ను చదివితే పెట్టె ఆ దారినే పోతుంది.

ఐదుకు నేను ఇచ్చే మార్కులు రెండు. ఆ రెండూ కౌంటర్‌లో కనబడిన శ్రద్ధకూ, తూకం ప్రకారం తీసుకునే ధరకూ. బట్టలు, బొంతలు, మళ్లీ కొనుక్కోగలిగిన పుస్తకాలు ఇకముందు కూడా ఈ సేవ ద్వారానే పంపుతాను. తేదీకి అందవలసిన కాగితాలనూ, మందులనూ, ఒకే ఒక్క ప్రతి ఉన్న దేనినీ దీనికి అప్పగించను. సంపుటం కోసం పంపినవారు విచారణ దరఖాస్తు వేసి నలభై రోజులైంది. జవాబు వస్తే, అది ఏదైనా సరే, ఈ సమీక్షలో చేరుస్తాను.