హైదరాబాద్ మెట్రో: ఐదు మార్కులకు రైలుకు నాలుగున్నర, మెట్లు దిగాక రెండున్నర

మూడు లైన్లు (రెడ్, బ్లూ, గ్రీన్), 57 స్టేషన్లు, దాదాపు 69 కిలోమీటర్లు. 2017 నవంబర్‌లో మియాపూర్–నాగోల్‌తో మొదలైన మొదటి దశ, 2020 ఫిబ్రవరిలో జేబీఎస్ (జూబ్లీ బస్ స్టేషన్)–ఎంజీబీఎస్ (మహాత్మా గాంధీ బస్ స్టేషన్) తెరిచాక ఆగిపోయింది. ఫలక్‌నుమా దాకా పోవాల్సిన గ్రీన్ లైన్ ఎంజీబీఎస్ దగ్గరే నిలిచింది. రైలుకు వంక పెట్టడానికి పెద్దగా ఏమీ లేదు. ఏసీ, ట్రాఫిక్‌తో సంబంధం లేని ప్రయాణం, వాట్సాప్‌లోనే టికెట్టు. 2025 మేలో ఛార్జీలు పెంచి, మళ్లీ పది శాతం తగ్గించారు. ఆ లెక్కన 2 కి.మీ. లోపు 11 రూపాయలు, 24 కి.మీ. దాటితే 69. ఒక్కరే దూరం వెళ్లాలంటే దీనికి సాటి లేదు. ముగ్గురు కలిసి రెండు స్టేషన్ల దూరం పోవాలంటే మాత్రం ఆటో లెక్క కూడా వేసుకోవచ్చు.

రైలుకు మూడు బోగీలే, ప్లాట్‌ఫారాలేమో ఆరు బోగీలకు సరిపడా కట్టారు. అందుకే ప్లాట్‌ఫారం కొసన నిలబడితే రైలు ఆగాక పరుగెత్తాలి. ముందే మధ్యకు వచ్చి నిలబడండి. పొద్దున, సాయంత్రం ఆఫీసు వేళల్లో ఊపిరాడని రద్దీకి కారణం కూడా ఆ మూడు బోగీలే.

లైన్ మారడానికి అందరికీ గుర్తొచ్చేది అమీర్‌పేట. రెడ్ (మియాపూర్–ఎల్బీనగర్), బ్లూ (నాగోల్–రాయదుర్గం) ప్లాట్‌ఫారాలు ఒకదాని మీద ఒకటి ఉంటాయి, గేటు బయటికి రాకుండానే మారొచ్చు. ఉప్పల్ వైపు నుంచి దిల్‌సుఖ్‌నగర్ వెళ్లేవారు మాత్రం అంత దూరం పోనక్కర్లేదు. పరేడ్ గ్రౌండ్‌లో దిగి గ్రీన్ లైన్‌లో ఎంజీబీఎస్, అక్కడ రెడ్ లైన్. రెండుసార్లు మారాలి కానీ చుట్టు తగ్గుతుంది. పరేడ్ గ్రౌండ్ (బ్లూ), జేబీఎస్ పరేడ్ గ్రౌండ్ (గ్రీన్) రెండు వేర్వేరు స్టేషన్లు, మధ్యలో నడక ఉంటుంది. ఆ నడకలో ఉండగా గ్రీన్ రైలు వెళ్లిపోతే, మిగిలిందనుకున్న సమయం కాస్తా నిరీక్షణకే సరి. ఇక నాగోల్ నుంచి ఎల్బీనగర్‌కు మెట్రో ఎక్కడం శుద్ధ దండగ. రెండూ చివరి స్టేషన్లే, రోడ్డు మీద ఐదారు కిలోమీటర్లే. మెట్రోలో అయితే ఊరంతా చుట్టి రావాలి. రింగ్ రోడ్డు మీద బస్సు ఎక్కేయండి.

పేర్లు కొత్తవాళ్లను తిప్పలు పెడతాయి. సికింద్రాబాద్ రైల్వే స్టేషన్‌కు దగ్గరిది బ్లూ లైన్‌లోని సికింద్రాబాద్ ఈస్ట్. వెస్ట్ గ్రీన్ లైన్‌ది, అక్కడ దిగితే సామానుతో ఎక్కువ నడవాలి. హైటెక్ సిటీ మెట్రో, హైటెక్ సిటీ ఎంఎంటీఎస్ (లోకల్ రైలు) స్టేషన్ల పేరు ఒకటే కానీ పక్కపక్కన లేవు. ఒకదాంట్లో దిగి రెండోది ఎక్కుదామనుకుంటే మధ్యలో ఆటో తప్పదు.

మార్కులు పోయేదల్లా మెట్లు దిగాకే. పట్టాలు చాలావరకు రోడ్డు మధ్య స్తంభాల మీద నడుస్తాయి. ప్లాట్‌ఫారం కింద టికెట్ల అంతస్తు, అక్కడి నుంచి రోడ్డుకు రెండు వైపులా మెట్లు. టికెట్ గేట్ల బయటి భాగం అందరిదీ, డబ్బు కట్టకుండానే దాని మీదుగా రోడ్డు దాటొచ్చు. చాలామంది వాడుకోని సౌకర్యం ఇది. బయటికి వచ్చేముందు ఏ గేటో బోర్డు చూసుకోండి. తప్పు వైపు దిగితే మళ్లీ ఎక్కాలి. ఆ ఎత్తు ఆరు మీటర్లనుకుంటే, ఒక్కో మెట్టు 15 సెం.మీ. చొప్పున 40 మెట్లు.

ఫుట్‌పాత్ మీద అడ్డం లేకుండా కనీసం 1.8 మీటర్ల దారి ఉండాలని రోడ్ల ప్రమాణాలు చెప్పే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ అంటుంది. మెట్లు, లిఫ్టు దించేది ఆ ఫుట్‌పాత్ మీదికే. వాటి పునాది పోగా మిగిలిన జాగాలో బండ్ల పార్కింగ్, మిర్చి బజ్జీల బండి చేరితే జనం రోడ్డెక్కక ఏం చేస్తారు? ఆటోలు కూడా మెట్ల మొదట్లోనే ఆగుతాయి. పది అడుగులు ముందుకు ఆటోలు ఆగడానికి విడిగా జాగా ఇచ్చి ఉంటే సగం చిక్కు తీరేది.

దీనికి మంచి జవాబు ఉప్పల్ స్కైవాక్, అంటే కూడలి మీద పైన కట్టిన నడక వంతెన. నగరాభివృద్ధి సంస్థ హెచ్ఎండీఏ కట్టింది, 2023 జూన్‌లో తెరిచారు. 660 మీటర్ల పొడవు, ఎనిమిది లిఫ్టులు, ఎస్కలేటర్లు. నాగోల్ రోడ్డు, రామంతాపూర్ రోడ్డు, వరంగల్ బస్టాపు వైపులకు విడివిడిగా దిగొచ్చు. మెట్రో దిగినవాళ్లకు ఇది ఎందుకు కలిసొస్తుందంటే, వాళ్లు అప్పటికే పైన ఉంటారు. నడిచి, తమ బస్సు వైపు ఒక్కసారి దిగితే చాలు. ఊరికే రోడ్డు దాటాలనుకునేవారికి మాత్రం ఎక్కడం, చుట్టూ నడవడం, దిగడం. అందుకే కూడలిలో జీబ్రా గీతలు, మధ్యలో నిలబడే జాగా, పాదచారులకు విడి సిగ్నల్ లేకుండా స్కైవాక్ ఒక్కటీ సరిపోదు. చక్రాల కుర్చీవాళ్లకు లిఫ్టే దిక్కు. 1:12 వాలుతో (మీటరు ఎత్తుకు 12 మీటర్ల పొడవు) ఆరు మీటర్లు ఎక్కించే ర్యాంపుకు మధ్యలో ఆగే చదును జాగాలు కలపకుండానే 72 మీటర్లు కావాలి, ఆ కూడలిలో అంత జాగా ఎక్కడిది? అంటే లిఫ్టు ఆగిన రోజు వాళ్లకు స్కైవాక్ లేనట్టే.

యాదగిరిగుట్ట, హనుమకొండ బస్సులకు వెళ్లేవారు ఉప్పల్‌లో దిగి వరంగల్ బస్టాపు వైపు బోర్డులు పట్టుకుని పోవాలి. పెద్ద సామాను ఉంటే ముందే లిఫ్టు ఎటుందో చూసుకోండి, దిగే చోట్ల అన్నింటా ఎస్కలేటర్ ఉండదు.