స్వర్ణ సబ్‌-1: వంశధార పల్లంలో ఏళ్ల తరబడి వేసి చూసిన అనుభవం

నీట మునిగి, బురద పట్టి, ఇక పోయిందని ఊరంతా తేల్చేసిన వరి మడి మళ్లీ చిగురించడం కళ్లారా చూసిన రైతుగా ఈ సమీక్ష రాస్తున్నాను. స్వర్ణ సబ్‌-1 అనే వరి రకం మీద నాకున్న అభిమానమంతా ఆ ఒక్క గుణం వల్ల వచ్చిందే. విత్తన మోతాదు, ఎరువుల లెక్క, పంటకాలం వంటివి పాత స్వర్ణను, అంటే మనం 7029 అని పిలుచుకునే రకాన్ని, పండించిన ప్రతి రైతుకూ తెలిసినవే. వాటిలో ఈ కొత్త రకానికి చెప్పుకోదగ్గ తేడా లేదు కనుక వాటి జోలికి వెళ్లడం లేదు.

మా భూములు నరసన్నపేటకు దిగువన, వంశధారకు దగ్గరగా ఉన్నాయి. అందులో కొంత గరువు, అంటే మెరక, మిగిలినదంతా పల్లం. ఈ పల్లాన్ని ముంచేది మా ఊళ్లో కురిసే వాన కాదు. ఎగువన ఒడిశా కొండల్లో రెండు మూడు రోజులు జోరుగా కురిస్తే గొట్టా బ్యారేజీ గేట్లు ఎత్తుతారు. ఇక్కడ ఎండ కాస్తుండగానే గెడ్డలు (వాగులు) ఎదురుతన్ని నీరు మళ్లలోకి ఎక్కుతుంది. కళింగపట్నం దగ్గర సముద్రం పోటు మీద ఉంటే ఆ నీరు దిగడానికి మరింత ఆలస్యమవుతుంది. పాత స్వర్ణ వేసిన రోజుల్లో ముంపు వారం దాటిందంటే ఆ మడి మీద ఆశ వదులుకోవడమే. మళ్లీ నాటుదామంటే ఆకు (నారు) దొరకదు, దొరికినా అదను దాటిపోతుంది, ఉభాలకు (నాట్లకు) కూలీలు రెండోసారి రారు.

సబ్‌-1 వేయడం మొదలుపెట్టాక ఒక శ్రావణంలో, ఉభాలు ముగిసి, నాటు నిలదొక్కుకుని, పిలకలు వేస్తున్న సమయంలో పెద్ద వరద వచ్చింది. పల్లపు మళ్లలో గట్లు కూడా కనిపించలేదు. వారం దాటినా నీరు దిగలేదు. మా మడి పక్కనే మా చిన్నాన్న పాత 7029 వేశారు. రెండు మళ్లకూ మధ్య ఒక్క గట్టే అడ్డం, నాటింది కూడా ఇంచుమించు ఒకే సమయంలో. అందువల్ల ఎవరూ ప్రయత్నపూర్వకంగా ఏర్పాటు చేయకుండానే రెండు రకాలనూ పక్కపక్కన పెట్టి పోల్చి చూసే అవకాశం వచ్చింది.

మొదట మెరుగ్గా కనిపించింది చిన్నాన్న మడే. నీరు కాస్త తగ్గేసరికి ఆయన వరి కొసలు పైకి తేలాయి. మా మడిలో ఒక్క ఆకు కూడా కనిపించలేదు. మరో రెండు రోజులకు నీరు పూర్తిగా తీసింది. అప్పుడు చూస్తే ఆయన వరి బాగా పొడవు సాగి, పాలిపోయి, నిలబడే సత్తువ లేక బురద మీదికి వాలిపోయి ఉంది. మా మొక్కలు వరదకు ముందున్న ఎత్తుకు కొంచెం మించి ఉన్నాయేమో, అంతే. ఆకులన్నిటికీ గోధుమ రంగు ఒండ్రు పూత పట్టి, మడంతా కుళ్లు వాసన వేస్తోంది. చిన్నాన్న గట్టు మీద నిలబడి, “ఇంకేటుందిరా అందులో? దున్నీసి, తక్కువ కాలం రకమేదైనా సల్లీ” అన్నారు. “నాలుగు రోజులు ఆగుదాం చిన్నాన్నా” అన్నాను గానీ, ఆ మాట నమ్మకంతో అన్నది కాదు.

మడిలోకి దిగి ఒక దుబ్బును పెకలించి, మొదలును బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కి చూశాను. పై ఆకులు జారి చేతికి అంటుకుపోయాయి, మొదలు మాత్రం గట్టిగా ఉంది. కుళ్లిన తొడుగులు ఒక్కొక్కటే ఒలిస్తే లోపల తెల్లగా, తడిగా, గోరంత మొవ్వు బయటపడింది. గట్టు దాటి చిన్నాన్న మడిలో దుబ్బును అలాగే నొక్కితే అది మెత్తగా నలిగి వేళ్ల మధ్య నుంచి నీరు కారింది. తరువాతి వారంలో మా మడిలో పాత ఆకుల మధ్య నుంచి సన్నని పచ్చని మొలకలు సూదిగా లేచాయి. ఆ పై వారానికి కొత్త పిలకలు వచ్చాయి. బాగా లోతుగా మునిగిన మూలన దుబ్బులు చాలావరకు చచ్చిపోయాయి. ఒత్తుగా బతికిన చోటి నుంచి పిలకలు విడదీసి ఆ ఖాళీలు నింపాము. దిగుబడి మామూలు ఏడాదంత రాలేదు గానీ ధాన్యం ఇంటికి చేరింది. పక్క మడి నుంచి చిన్నాన్నకు ఏమీ రాలేదు. మరుసటి ఏడాది ఆయన విత్తనం మా ఇంటి నుంచే పట్టుకెళ్లారు.

ముంపు తీసిన వెంటనే యూరియా చల్లేయాలన్న తొందర అందరికీ ఉంటుంది. మా అనుభవంలో అది పనికిరాదు. కొత్త ఆకు విచ్చుకునే వరకు, అంటే సుమారు ఒక వారం, మడిని కదపకుండా ఉంచి, ఆ తరువాత నత్రజని, పొటాష్ కలిపి వేస్తే మొక్క త్వరగా తేరుకుంటుంది.

ఒక్క గట్టు తేడాతో రెండు మళ్ల గతి ఇంతగా మారడానికి కారణం ఒక్క జన్యువు. మునిగిన మొక్కలో ఇథిలీన్ వాయువు బయటికి పోలేక లోపలే పేరుకుంటుంది. మామూలు వరి దానికి స్పందించి, గాలి అందుకోవాలని తన దగ్గరున్న పిండిపదార్థమంతా ఖర్చు చేసి పొడవు సాగుతుంది. నీరు తీసేసరికి నిలబడటానికీ మళ్లీ ఆకు వేయడానికీ దానిలో ఏమీ మిగలదు. సబ్‌1ఎ అనే జన్యువున్న మొక్క ఆ సాగుడును ఆపేస్తుంది. కరవు వచ్చిందని తెలిసిన ఇల్లాలు గాదెలో గింజలను కొలిచి తీసినట్టు, ఉన్న నిల్వను పొదుపుగా వాడుకుంటూ మొదలును కాపాడుకుంటుంది. చిన్నాన్న వరి ముందుగా తల ఎత్తడం, మాది నీటి అడుగునే ఉండిపోవడం ఎందుకో నాకు అప్పుడు అర్థమైంది.

ఈ జన్యువు ఒడిశాకు చెందిన ధలపుట్టియా అనే పాత దేశవాళీ వరిది. దాని నుంచి ఎంపిక చేసిన ఎఫ్‌ఆర్‌ 13ఎ ముంపును తట్టుకుంటుందని శాస్త్రవేత్తలకు దశాబ్దాలుగా తెలుసు. అయితే దానితో సంకరం చేసినప్పుడల్లా దాని తక్కువ దిగుబడి, నాసి గింజ కూడా వెంట వచ్చేవి. డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ప్రతి తరంలోనూ కావలసిన చిన్న ముక్క ఉన్న మొక్కలనే ఎంచుకుని, మళ్లీ మళ్లీ స్వర్ణతో సంకరం చేస్తూ పోవడం వల్ల, మిగతా గుణాలన్నీ స్వర్ణవే ఉండి ముంపు గుణం ఒక్కటే అదనంగా చేరింది. జన్యువు ఏదో 2006లో ప్రకటించారు, మన దేశంలో ఈ రకం 2009లో విడుదలైంది. మార్టేరు వరి పరిశోధనా స్థానంలో వశిష్ఠ, మసూరి రకాల సంకరంతో పుట్టి 1982లో విడుదలైన స్వర్ణ గోదావరి పల్లాల నుంచి మన జిల్లాల దాకా అప్పటికే రైతుల నమ్మకం సంపాదించింది. శాస్త్రవేత్తలు కొత్త రకాన్ని రైతు మీద రుద్దకుండా, రైతు ఎంచుకున్న రకాన్నే తీసుకుని దాని లోపాన్ని సరిచేయడం నాకు ఎంతో గౌరవం కలిగించిన విషయం. ఇది జన్యుమార్పిడి పంట కాదు, సంకరం ద్వారా వచ్చినదే. హైబ్రిడ్ కూడా కాదు కనుక మన ధాన్యంలో నుంచే విత్తనం కట్టుకోవచ్చు.

ఆ వరద తరువాత కొన్నాళ్ల పాటు కనిపించిన ప్రతివారికీ ఈ రకం వేయమని చెప్పాను. ఇప్పుడు ఆ మాటకు కొన్ని షరతులు చేర్చి చెబుతున్నాను. పూర్తిగా మునిగినా సుమారు రెండు వారాలు తట్టుకుంటుందని చెప్పే మాట నిజమే గానీ, తేట నీటికీ బురద నీటికీ తేడా ఉంది. మట్టి కలిసిన నీటిలో వెలుతురు అందదు, వేడెక్కిన నిలవ నీరు మరింత చేటు. వంశధార వరదలో మా మొక్కలు అంతకంటే తక్కువ గడువుకే నీరసించడం గమనించాను. లేత ఆకు నాటిన మడి కన్నా కాస్త ముదురు ఆకు నాటిన మడి బాగా తేరుకుంది.

ఇంకో షరతు మరింత ముఖ్యమైనది. ఈ గుణం పిలక దశలోని మొక్కకే రక్ష. 2018 అక్టోబరు 11న పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను నాటికి మా వరి పొట్ట మీద ఉంది, కొన్ని మళ్లలో ఈనిక (వెన్ను బయటికి రావడం) మొదలైంది. గాలికి పడిపోయిన పైరు మీదికి ఆ వెంటనే వంశధార వరద వచ్చింది. సబ్‌-1 అయినా, పాత స్వర్ణ అయినా ఆ ఏడాది మాకు దక్కింది ఎక్కువగా తాలే. ఉద్దానంలో కొబ్బరి, జీడి తోటలు కూలిపోయిన కుటుంబాల నష్టం ముందు మాది పెద్దది కాదు గానీ, ఈ రకాన్ని తుపాను తట్టుకునే వరి అని చెప్పి అమ్మేవారి మాట నమ్మకూడదని చెప్పడానికి ఇది రాస్తున్నాను. అలాగే మోకాలి లోతు నీరు వారాల తరబడి కదలకుండా ఉండే మడుగుల్లో ఇది మంచి ఎంపిక కాదు. సాగకపోవడమే దీని బలం, అలాంటి చోట అదే బలహీనతై పిలకలు పలచబడతాయి. ఉల్లికోడు విషయంలోనూ పాత స్వర్ణ కన్నా మెరుగేమీ కాదు. మన జిల్లాల్లో ఆ పురుగు ఉధృతి తెలిసినవారు నాటు ఆలస్యం చేయకూడదు.

నేను ముందుగా ఊహించని చిక్కు కోత దగ్గర వచ్చింది. ముంపు నుంచి తేరుకున్న వరి ఈనడానికి ఆలస్యం చేస్తుంది. ఒకే మడిలో గట్టు వార మెరక భాగం పండిపోతే, మునిగిన భాగం ఇంకా పచ్చిగా ఉంటుంది. కొడవలితో కోసిన కాలంలో పండిన భాగం ముందు కోసి, మిగతాది వారం తరువాత కోసేవాళ్లం. ఇప్పుడు మా వైపు కోతలన్నీ చైన్ మిషన్ (చైన్ల మీద నడిచే కోత యంత్రం) మీదే ఆధారపడి ఉన్నాయి. అది వేరే ప్రాంతం నుంచి వచ్చి, వరసగా ఆయకట్టు కోసుకుంటూ వెళ్లిపోతుంది, గంటకు ఇంత అని అద్దె కడతాం, మన ఒక్క మడి కోసం మళ్లీ వెనక్కి రాదు. అంతా ఒకేసారి కోయిస్తే పచ్చి గింజ కలిసి తేమ పెరుగుతుంది. కొనుగోలు కేంద్రంలో తేమ 17 శాతం దాటకూడదు కనుక మళ్లీ కళ్లంలో ఎండబెట్టుకోవాలి. అదీగాక, కోతకు ముందు వరిలో చల్లిన మినుము, పెసర మొలకలను చైన్లు నలిపేస్తాయి. 1966లో వచ్చిన ఐఆర్‌-8 నాటి నుంచి వరిని పొట్టి చేసి, పడిపోకుండా నిలబెట్టడం వల్లనే ఈ యంత్రాలకు మన మళ్లలో పని సులువైంది. కానీ యంత్రానికి మడంతా ఒకే రోజున పండాలి. వరదలో మునిగి తేలిన పైరు అలా పండదు. మొలకలు నలిగిన మరుసటి ఏడాది నుంచి మేము పల్లంలో మినుములు కోత తరువాతే చల్లుతున్నాము. నేలలో తేమ తగ్గాక చల్లడం వల్ల దిగుబడి కొంత తగ్గింది.

ధాన్యం రంగు గురించి కూడా చెప్పాలి. పాత స్వర్ణ పొట్టు బంగారు ఛాయలో ఉంటుంది, దీనిది ఎండుగడ్డి రంగు. ముంపు జన్యువుకు దగ్గరగా ఉన్న పొట్టు రంగు జన్యువు కూడా కలిసి రావడమే ఇందుకు కారణం. లోపలి బియ్యంలో తేడా లేదు, మా ఇంట్లో వండుకునేదీ ఇదే. అయినా మొదట్లో ఒక వ్యాపారి ఇది కల్తీ విత్తనమని బస్తాకు కొంత తగ్గించి కొన్నాడు. మర పట్టించి బియ్యం చూపించినా వినలేదు. కష్టపడి బతికించుకున్న పంటను రంగు పేరుతో తక్కువ చేయడం నాకు ఇప్పటికీ బాధ కలిగించే విషయం. ఇప్పుడు మా వైపు ఆ రంగును గుర్తుపట్టేవారు పెరిగారు కనుక ఇబ్బంది చాలావరకు తగ్గింది. పైగా విత్తనం కొనేటప్పుడు ఆ రంగే మనకు ఆనవాలు. సబ్‌-1 అని అమ్మే సంచిలో బంగారు రంగు గింజలు కనిపిస్తే అడిగి తెలుసుకోవాలి.

గరువు భూమి ఉన్నవారికి దీనితో ప్రత్యేక లాభం లేదు. మా గరువులో మేము రాగోలు పరిశోధనా స్థానం నుంచి వచ్చిన శ్రీకాకుళం సన్నాలే వేస్తున్నాము. ఆషాఢ శ్రావణాల్లో వరద వచ్చి పది రోజుల లోపు దిగిపోయే పల్లం ఉన్నవారు, రెండో పంట కొంచెం వెనకబడినా సర్దుకోగలిగినవారు ఈ రకం వేసి చూడవచ్చు. మినుము మీదే ఏడాది ఖర్చులు గడిచే కుటుంబమైతే కోత ఆలస్యాన్ని ముందుగా లెక్క వేసుకోవాలి. నాకు రెండు రకాల భూమీ ఉంది కనుక ఒక చోట పోయినా మరో చోట దక్కుతుంది, పల్లం ఒక్కటే ఉన్నవారి పరిస్థితి వేరు. మా పల్లంలో సగానికి పైగా సబ్‌-1 కొనసాగుతుంది. ముంపు ప్రాంతాలకు సిఫారసు చేసిన మార్టేరు 1064 అనే వరి రకాన్ని ఈసారి దాని పక్క మడిలోనే నాటి, వరద వస్తే రెండూ ఎప్పుడు ఈనుతాయో, మిషన్ వచ్చే నాటికి ఏది ఒక్కసారిగా పండుతుందో చూస్తాను.