ఏడు షీల్డులు, ఏడు మ్యాటర్లు: పాలమూరులో ఒక షీల్డుల దుకాణం గురించి

మహబూబ్‌నగర్ క్లాక్ టవర్‌కి దగ్గర్లో ఫ్లెక్సీలు, పెళ్లికార్డులు, షీల్డులు చేసే చిన్న దుకాణం గురించి రాస్తున్నా. పేరు చెప్పను, ఎందుకంటే వాళ్లు చేసిన తప్పులు కూడా రాయబోతున్నా, నా రాతతో ఎవరి గిరాకీ పోవడం నాకిష్టం లేదు. ఐదుకి నాలుగు స్టార్లు.

మా చర్చి సంఘం వార్షికోత్సవానికి ఏడు షీల్డులు కావాల్సి వచ్చింది. మన దగ్గర షీల్డు ఎవరికి పోతుందో అందరికీ తెలిసిందే. బయటి నుంచి వచ్చిన ప్రసంగీకుడికి, స్టేజీ మీదికి పిలిచిన నాయకుడికి, సౌండ్ బాక్సులు ఇప్పించిన దాతకు. శాలువా, దండ, ఫొటో, అంతే. ఆదివారం పొద్దున ఆరింటికే వచ్చి ఊడ్చి చాపలు పరిచే అవ్వకు మాత్రం "అవ్వా, ఆ మూల చాప వంకరగుంది" అన్న మాట తప్ప ఏమీ దక్కదు. ఈసారి బయటివాళ్లకు ఒక్కటీ వద్దు, లోపల పనిచేసేవాళ్లకే ఇద్దామని స్త్రీల సమాజం వాళ్లు పట్టుబట్టి మరీ ఒప్పించారు, ఆర్డర్ ఇచ్చే పని నా నెత్తిన పడింది.

ఒక పెద్దాయన మాత్రం మహిమ దేవునికే చెందాలి, మనుషులకు షీల్డులేంటి అన్నారు. ఆయన మాట పూర్తిగా తీసిపారేసేది కాదు, పొగడ్త తలకెక్కి మైకు వదలని పాటగాళ్లను మేమూ చూశాం. కానీ బైబిల్లో పౌలు రోములోని విశ్వాసులకు రాసిన ఉత్తరం, అదే రోమా పత్రిక, 16వ అధ్యాయం తీసి చూడండి, పౌలు పేరుపేరునా వందనాలు చెప్తూ పోతాడు, అదీ ఊరికే పేర్లు చదవడం కాదు, ఫీబే చాలామందికి సాయం చేసింది, ప్రిస్కిల్ల, అకుల నా కోసం ప్రాణాలకు తెగించారు, మరియ మీ కోసం బాగా కష్టపడింది, రూఫు తల్లి నాకూ తల్లే, ఇలా ఎవరేం చేశారో చెప్పి మరీ. చెప్తుంటే రాసిపెట్టిన తెర్తియు కూడా 22వ వచనంలో మధ్యలో దూరి తన వందనాలు కూడా చెప్పేసుకుంటాడు, నాకైతే బైబిల్లో ఆ చోటంటే భలే ఇష్టం. ఇదే పెద్దాయనకు చూపించాం. ఒప్పుకున్నారని చెప్పను గానీ ఊరుకున్నారు.

ఇక దుకాణం. రేట్లు మాకు పడినవి చెప్తా, చెక్కది 350, అక్రిలిక్ 600 నుంచి మొదలు, క్రిస్టల్ అనే గాజుది వెయ్యి దాటింది. చెక్కవే తీసుకున్నాం, గాజువి బస్సులో ఒళ్లో పెట్టుకుని ఊరికి మోసుకుపోవాలంటే దారంతా టెన్షన్.

నేను కాగితం మీద ఏడు పేర్లు రాసి, కింద "మీ విశేష సేవలకు గుర్తింపుగా" అని ఒక్క లైను పెట్టి ఇచ్చాను. సిస్టమ్ ముందున్న తమ్ముడు అది చదివి "ఏడింటికీ ఒకటే మ్యాటరా సార్? వీళ్లేం చేస్తరు?" అన్నాడు. ఏం చేస్తే ఏంటి, రాసెయ్ అన్నాను. "స్కూలోళ్లయితే రన్నింగ్ ఫస్టు, పాటల పోటీ సెకండు అని రాయిస్తరు. గిట్ల రాస్తే ఎవరిది ఎవరికిచ్చినా ఒకటే గద సార్."

నా దగ్గర జవాబు లేదు. ఏడుగురిలో ముగ్గురు అసలు ఏమేం చేస్తారో నాకు సరిగ్గా తెలీదు, పదకొండేళ్లుగా అదే గుడిలో, అవే చాపల మీద కూర్చుంటున్నాను! బయటికొచ్చి టీ బండి దగ్గర నిలబడి నాలుగు ఫోన్లు కొట్టాను. కానుకల లెక్క రాసే అన్న, ఎవరింట్లో చావు జరిగినా అడగకముందే కుర్చీలు ఆటోలో వేసుకుని వెళ్తాడట. సండే స్కూల్ అక్క దగ్గర ఒక పాత డైరీ ఉందట, పిల్లల పుట్టినరోజులన్నీ అందులో రాసుకుని, అమ్మానాన్నలతో పుణె, ముంబై వలసపోయిన పిల్లలకు కూడా ఆ రోజు ఫోన్ చేసి ప్రార్థన చేస్తుందట. ఇవేవీ మా సంఘం రికార్డుల్లో ఉండవు. లోపలికెళ్లి ఏడు మ్యాటర్లు విడివిడిగా చెప్పాను, ఆ తమ్ముడు విసుక్కోకుండా రాసుకున్నాడు, ఎక్స్‌ట్రా డబ్బులు కూడా అడగలేదు. ఇందులో మూడు స్టార్లు దీనికే.

యూత్‌లో ఒక అబ్బాయి ఉన్నాడు, సప్లిమెంటరీ వచ్చినవాళ్లను, మానేసి వెళ్లిపోయినవాళ్లను ఇంటికెళ్లి పలకరించి మళ్లీ తీసుకొస్తాడు. అతనికి "హెచ్చరిక పుత్రుడు" అని రాయించాను, అపొస్తలుల కార్యములు 4:36లో బర్నబా పేరుకు అర్థం అలాగే ఉంటుంది. సాయంత్రం దుకాణం నుంచి ఫోన్. "సార్, హెచ్చరిక అని పడ్డది, ట్రాన్స్‌ఫార్మర్ బోర్డు లెక్కుంది, మార్చమంటరా?" నవ్వు ఆగలేదు. మన పాత తెలుగు బైబిల్లో ఆ మాటకు ధైర్యం చెప్పడం, ఆదరించడం అని అర్థం అని వివరించబోయాను, మళ్లీ నేనే ఆలోచించుకున్నాను, షీల్డు చూసే ప్రతివాడికీ ఈ పాఠం ఎవరు చెప్తారు? తర్వాత పౌలుగా పేరుపడిన సౌలంటే యెరూషలేములో అందరూ భయపడి దూరం జరిగినప్పుడు చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లినవాడు బర్నబా. అందుకే "మా బర్నబా" అని మార్పించాను, సరిపోయింది.

తప్పులు కూడా చెప్పాలిగా. వాట్సాప్‌లో పంపిన తెలుగు వాళ్ల డిజైన్‌లో అతికిస్తే రాదు, మన ఫోన్లలోది యూనికోడ్ తెలుగు, వాళ్లది "అను" అనే పేరున్న పాత డీటీపీ ఫాంట్లు, రెండూ కలవవు, మళ్లీ మొత్తం టైపు కొట్టాల్సిందే, అక్కడే అక్షరాలు పోతాయి. మొదటి ప్రూఫులో "పరిచర్య" కాస్తా "పరిచయ" అయింది. ప్రూఫు ఫోన్‌లో పైపైన చూసి ఓకే అనకండి, వెళ్లి వాళ్ల స్క్రీన్ మీద ఒక్కో అక్షరం చదవండి. శుక్రవారం ఇస్తామన్నవి శనివారం రాత్రి తొమ్మిదింటికి ఇచ్చారు, మర్నాడే ప్రోగ్రాం, మా కమిటీవాళ్లకు ఆ రాత్రి నిద్ర లేదు. పైగా రెండింటికి వెనక స్టాండు జిగురు వారంలోనే ఊడింది. ఒక స్టార్ కోసింది అందుకే.

స్టాండ్లు తెచ్చిస్తే ఫ్రీగా అతికిస్తామన్నారు, మాట మీద నిలబడ్డారు, ఒకటి అప్పుడే చేసిచ్చారు. రెండోది చాపల అవ్వది. దాని మీద "ఇరవై ఏళ్లుగా అందరికంటే ముందు వచ్చి మాకు కూర్చునే చోటు సిద్ధం చేస్తున్న అవ్వకు" అని ఉంటుంది. అవ్వకు చదువు రాదు, ఇంటికొచ్చినవాళ్లందరితో మనవడు చదివించి వినిపిస్తాడట. బాగుచేయించి ఒక్కరోజులో తెచ్చిస్తానని రెండుసార్లు అడిగాను. ఇవ్వనన్నది. బియ్యం డ్రమ్ము మీద గోడకు ఆనించి పెట్టుకుంది.