నల్లగొండల లివర్ క్లినిక్: వెయిటింగ్ ఎక్కువ, కానీ మంచిగ చెప్తరు
మా అమ్మకి 54, మందు ముట్టదు, అయినా స్కానింగ్ల గ్రేడ్ 2 ఫ్యాటీ లివర్ (లివర్ల కొవ్వు పేరుకునుడు, మధ్య స్థాయి) అని వచ్చింది, ఇంట్ల అందరం పరేషాన్ అయినం. నకిరేకల్ నుంచి పొద్దున్నే బస్సెక్కి తీస్కపోయినం. టోకెన్ 31, రెండున్నర గంటలు కూసున్నం, కుర్చీలు సరిపోక అమ్మ మెట్ల మీద కూసుంది, అది మాత్రం అస్సలు బాగలేదు. కానీ డాక్టర్ మేడం లోపలికి పిలిచినంక తొందరపడలే, రిపోర్ట్ వెనకాల పెన్నుతోని లివర్ బొమ్మ గీసి మరీ చెప్పింది, నెలసరి వచ్చినన్ని రోజులు ఈస్ట్రోజెన్ అనే ఆడ హార్మోన్ లివర్ల కొవ్వు పేరుకోకుండ కొంత కాపాడుతదట, నెలసరి ఆగినంక కొవ్వు పొట్ట చుట్టూ, లివర్ల చేరుడు ఎక్కువైతదట, అందుకే 50 దాటిన ఆడోళ్లకి రిస్క్ పెరుగుతది. మగోళ్లల్లనేమో టెస్టోస్టిరాన్ అనే మగ హార్మోన్ తక్కువున్నోళ్లకి ఫ్యాటీ లివర్ ఎక్కువ కనిపిస్తదట, అదే హార్మోన్ ఆడపిల్లల్ల ఎక్కువైతే, అంటే పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతోని నెలసరి సరిగ రాని సమస్య) ఉన్నోళ్లల్ల, చిన్న వయసులనే రావొచ్చు. మా చెల్లెకి పీసీఓఎస్ ఉంది, ఇన్నేళ్లల్ల ఒక్కరు గూడ లివర్ చూపియ్యుమనలే, నాకు నిజంగ బాధైంది. సంచెడు మందులు రాయలే, ఫైబ్రోస్కాన్ (లివర్ ఎంత గట్టిపడ్డదో చూసే స్కాన్), షుగర్ టెస్టు రాసింది, బరువు 7 నుంచి 10 శాతం తగ్గాలె, రోజూ నడువు అమ్మా అన్నది. వచ్చే వారం చెల్లెని తీస్కపోతున్న.