నాంపెన్‌కి ఒక పూట చాలదు: మా కంబోడియా యాత్ర

హైదరాబాదులో ఏ ట్రావెల్ ఏజెంటుని అడిగినా కంబోడియా ప్యాకేజీ ఇంచుమించు ఒకేలా ఉంటుంది. సియెం రీప్‌లో అంకోర్‌వాట్, దాని చుట్టూ గుళ్లు, టైం మిగిలితే రాజధాని నాంపెన్‌లో ఒక పూట, ఆ పూటలోనే రాజభవనం, జైలు మ్యూజియం, మార్కెట్లో షాపింగ్. నేనూ మా బావమరిదీ దీన్ని తిరగేసి నాంపెన్‌కే ఎక్కువ టైం పెట్టుకున్నాం. "అంత డబ్బు పెట్టి పోయి పుర్రెలు చూసొస్తారా" అని ఇంట్లో వాళ్లు నవ్వారు. చూసేది పుర్రెలే, కాదనను. కానీ ఆ దేశంలో జేబులో డాలర్లెందుకుంటాయో, రోడ్డు మీద ముసలివాళ్లు అంత తక్కువగా ఎందుకు కనిపిస్తారో, పొలంలో మందుపాతరలున్నాయని చెప్పే ఎర్ర పుర్రె బొమ్మ బోర్డు ఎందుకుంటుందో తెలియాలంటే అంకోర్‌వాట్ కట్టించిన సూర్యవర్మ సరిపోడు, 1970 నుంచి ముప్ఫై ఏళ్లు ఏం జరిగిందో చూడాలి.

ముందుగా తువోల్ స్లెంగ్, పైన చెప్పిన జైలు మ్యూజియం ఇదే. ఊరి మధ్యలో, ఇళ్ల మధ్యలో, మూడంతస్తుల మామూలు హైస్కూలు. 1975 ఏప్రిల్ 17న పోల్ పాట్ నాయకత్వంలోని ఖ్మేర్ రూజ్ అనే కమ్యూనిస్టు దళం నాంపెన్‌ని పట్టుకుని, ఊళ్లో ఉన్న దాదాపు ఇరవై లక్షల మందిని పల్లెలకు తోలేశాక ఖాళీ అయిన బడి ఇది. దీన్నే ఎస్-21 అనే రహస్య జైలు చేశారు. నడిపినవాడు డుచ్, అంతకుముందు లెక్కల మాస్టారు. తక్కువలో తక్కువ లెక్కేసినా 12 వేల మందికి పైగా ఇక్కడికి తెచ్చారు, ప్రాణాలతో మిగిలినవాళ్లు అతి కొద్దిమంది. ఆ మిగిలిన వాళ్లలో కొందరైనా ఎందుకు మిగిలారంటే పనికొచ్చారు కాబట్టి: ఛుమ్ మేయ్‌కి మెషీన్లు బాగుచేయడం వచ్చు, వాన్ నాథ్‌కీ బూ మెంగ్‌కీ బొమ్మలు వేయడం వచ్చు. తర్వాత వాన్ నాథ్ తాను చూసినవన్నీ బొమ్మలుగా వేశాడు, అవి అక్కడే గోడల మీద ఉన్నాయి.

టికెట్ 5 డాలర్లు, ఆడియో గైడ్‌కి ఇంకో 5. ఆ రెండో ఐదు దగ్గర కక్కుర్తి పడొద్దు. అది లేకుండా తిరిగితే మీకు కనిపించేది తుప్పు పట్టిన మంచాలు, ఇటుక గదులు, వరసగా ఫొటోలు, అంతే. ఎ బ్లాకులో ఆ ఇనప మంచాల మీద వియత్నాం సైన్యం వచ్చేసరికి శవాలు ఉన్నాయనీ, అలా దొరికిన పద్నాలుగు మందినీ కింద ఆవరణలోనే పాతిపెట్టారనీ, సి బ్లాకు వరండాకి ముళ్లతీగ కట్టింది పారిపోతారని కాదు, పైనుంచి దూకి చచ్చిపోకుండా అనీ చెవిలో ఎవరో చెప్తే తప్ప తెలియదు. ఆడియోలో చెప్పే గొంతు కూడా ఏడుపు లాగకుండా నిదానంగా ఉంటుంది. మూడు గంటలు పెట్టుకోండి. చెట్ల కింద బల్లలున్నాయి, మధ్యలో కూర్చుంటూ వెళ్లొచ్చు. నవ్వొద్దని బొమ్మ గీసి బోర్డు పెట్టారు, అయినా దాని పక్కనే సెల్ఫీ దిగే జంటని చూశాం, ఏ దేశం వాళ్లో చెప్పను.

ఫొటోల గది దగ్గర మా బావమరిది కదల్లేదు. లోపలికి తెచ్చిన ప్రతివాడికీ ఫొటో తీసి, ఫైలు రాసి, చేసిన నేరం ఒప్పించి, సంతకం పెట్టించి తర్వాత చంపారు. వాడు బ్యాంకులో పనిచేస్తాడు, "బావా, మా బ్రాంచి ఫైళ్లు కూడా ఇంత నీటుగా ఉండవు" అన్నాడు.

చోయింగ్ ఎక్, అంటే ఎస్-21 ఖైదీల్ని తీసుకెళ్లి చంపి పాతిపెట్టిన చోటు, అదే రోజు పెట్టుకోవద్దు. అందరూ పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి చుట్టేస్తారు, రెండో దాని దగ్గరికి వచ్చేసరికి మనసు మొద్దుబారిపోయి ఏమీ ఎక్కదు. మేము మర్నాడు వెళ్లాం. ఊరికి ఇంచుమించు 15 కిలోమీటర్లు, రానూపోనూ, అక్కడ ఆగడానికీ కలిపి బేరమాడితే పదిహేను డాలర్లకి ఆటో వచ్చింది. ఆటో అంటే మన ఆటోయే, ఇక్కడినుంచి వెళ్లిన బజాజ్ బండ్లు నాంపెన్ నిండా తిరుగుతున్నాయి. గ్రాబ్ లేదా పాస్‌యాప్ అనే ఫోన్ యాప్‌లో బండి పిలిస్తే బేరం గోల లేదు కానీ ఊరి బయటికి వెళ్లి తిరిగి రావాలంటే మనిషితో మాట్లాడుకోవడమే మేలు. దారిలో డ్రైవరు ఏకే-47 కాల్చే షూటింగ్ రేంజికి తీసుకెళ్తానన్నాడు. టూరిస్టుల్ని అక్కడికి తీసుకెళ్లడం ఇక్కడ పాత వ్యాపారమే. మనుషుల్ని పాతిపెట్టిన చోటు చూసి, ఆ తర్వాత సరదాకి తుపాకీ పేల్చే బుద్ధి ఎవరికి పుడుతుందో నాకర్థం కాలేదు.

చోయింగ్ ఎక్ ఒకప్పుడు తోట, చైనీయుల శ్మశానం. 129 గోతుల్లో 86 తవ్వితే 8,985 మంది అవశేషాలు తేలాయి. మిగతావి తవ్వకుండా వదిలేశారు. తూటా ఖర్చు కాకూడదని గొడ్డళ్లతో, గునపాలతో కొట్టి చంపారు, పైకి కేకలు వినపడకుండా మైకులో పాటలు వేశారు. ఇప్పటికీ వానలు పడ్డాక గుడ్డ పీలికలు, ఎముకలు పైకి తేలుతుంటాయి, నడిచేటప్పుడు చూసుకోమని చెప్తారు. మధ్యలో 1988లో కట్టిన స్తూపం, అద్దాల వెనక ఐదు వేలకు పైగా పుర్రెలు, చెప్పులు విడిచి లోపలికి వెళ్లాలి. ఇక్కడ ఆడియో గైడ్ తువోల్ స్లెంగ్ కంటే బాగుంది, చెరువు చుట్టూ ఒంటరిగా నడుస్తూ వినేలా చేశారు. చిరాకు పుట్టించిన విషయం ఇంకొకటి: ఈ స్థలాన్ని 2005లో ఒక ప్రైవేటు కంపెనీకి 30 ఏళ్ల లీజుకిచ్చారు, అప్పట్లో దాని మీద అక్కడివాళ్లే గొడవ చేశారు. నిర్వహణ శుభ్రంగానే ఉంది, అయినా సమాధుల మీద లీజేంటి! 2025 జులైలో ఈ రెండు చోట్లనీ, కంపాంగ్ ఛ్నాంగ్‌లోని ఎం-13 అనే పాత జైలునీ కలిపి యునెస్కో వారసత్వ జాబితాలో చేర్చింది, ఇకమీద జనం పెరుగుతారు, పొద్దున ఎనిమిదికే వెళ్లండి.

ఈ రెండు చోట్లా నాకు వెలితిగా అనిపించింది ఒకటే. కథ 1975లో మొదలై 1979 జనవరి 7న, వియత్నాం సైన్యం వచ్చిన రోజున అయిపోతుంది. ముందూ వెనకా తక్కువ. అంతకు ముందు 1969 నుంచి 1973 దాకా అమెరికా విమానాలు తూర్పు కంబోడియా పల్లెల మీద కురిపించిన బాంబులు, 1970లో దేశాధినేత సిహానూక్‌ని దించేసిన జనరల్ లాన్ నోల్ కుట్ర, ఆ కోపంతో సిహానూక్ బీజింగ్ నుంచి ఖ్మేర్ రూజ్‌తో చేతులు కలపమని తన జనానికి రేడియోలో పిలుపివ్వడం, ఇవన్నీ లేకుండా అడవిలో ఉన్న చిన్న గుంపు దేశాన్ని పట్టుకునేది కాదు. తర్వాతి సంగతి ఇంకా దారుణం. జనాభాలో దాదాపు నాలుగో వంతు మందిని పొట్టన పెట్టుకున్న ప్రభుత్వం కూలిపోయినా, వియత్నాం మీద కోపంతో అమెరికా, చైనా లాంటి దేశాలు ఐక్యరాజ్యసమితిలో కుర్చీని చాలా ఏళ్లు వాళ్లకే ఉంచాయి. వియత్నాం నిలబెట్టిన కొత్త ప్రభుత్వాన్ని 1980లో గుర్తించిన కొద్ది దేశాల్లో మనది ఒకటి. పోల్ పాట్ 1998లో మంచం మీదే పోయాడు, ఏ అంతర్జాతీయ కోర్టు ముందూ నిలబడలేదు. డుచ్‌కి శిక్ష పడేసరికి 2010, మిగతా నాయకుల కేసుల్లో చివరి అప్పీలు తేలేసరికి 2022.

ఇక బస సంగతి. నది ఒడ్డున వ్యూ ఉంటుందని ఒక హోటల్ బుక్ చేశాం, కిటికీ తెరిస్తే పక్క బిల్డింగు ఏసీ వెనక భాగం, రాత్రి రెండింటి దాకా కింద కరావోకే. గది మార్చమంటే నవ్వుతూ తలూపి మార్చలేదు. డబ్బు పోతే పోయిందని మర్నాడు బీకేకే-1 అనే పేటలో ఒక కుటుంబం నడిపే గెస్ట్‌హౌస్‌కి మారిపోయాం. ఇది నా గట్టి సలహా, అక్కడే దిగండి: తువోల్ స్లెంగ్‌కి నడక దూరం, కాఫీ షాపులు, రాత్రి నిశ్శబ్దం. పొద్దున్నే ఆ ఇంటి పెద్దావిడ అందరికీ జావ పోస్తుంది, గిన్నెలో అడుగున నాలుగు మెతుకులు వదిలితే ఊరుకోదు. మనవరాలి ద్వారా చెప్పింది, చిన్నప్పుడు బాట్టంబాంగ్ దగ్గర పిల్లల పని దళంలో కాలవలు తవ్విందట, తినడానికి బియ్యం లెక్కపెట్టుకునేంత పల్చటి గంజి. పండిన ధాన్యం ఎక్కడికెళ్లిందో తెలియదంది. అక్కడ ఎవరూ ఏళ్లు చెప్పరు, అన్నీ "పోల్ పాట్ కాలానికి ముందు", "తర్వాత" అనే.

డబ్బు విషయం మా బావమరిది డిపార్టుమెంటు. ఖ్మేర్ రూజ్ డబ్బే రద్దు చేసి, నేషనల్ బ్యాంకు భవనాన్ని పేల్చేసింది. రియల్ నోటు మళ్లీ వచ్చింది 1980లో. దాన్ని జనం నమ్మేలోపే 1992లో ఎన్నికలు పెట్టడానికి ఐక్యరాజ్యసమితి మనుషులు దాదాపు 22 వేల మంది డాలర్ల జీతాలతో దిగారు, మన సైనికులు కూడా వాళ్లలో ఉన్నారు. వాళ్లు పోయారు, డాలరు ఉండిపోయింది. ఇప్పటికీ హోటల్ బిల్లు డాలర్లలో, చిల్లర రియళ్లలో, డాలరుకి నాలుగు వేల చొప్పున. మీకు పనికొచ్చే ముక్క: నోటు అంచు ఇసుమంత చిరిగినా, మీద గీత ఉన్నా తీసుకోరు, మన మార్పిడి కౌంటర్లో నలిగిన డాలర్లిస్తే అక్కడే తిప్పికొట్టండి. ఒకటి, ఐదు డాలర్ల నోట్లు ఎక్కువ పెట్టుకోండి, ఏటీఎం తరచూ వందలే ఇస్తుంది, ఛార్జీ బాగా గుంజుతుంది.

ఊళ్లో తిరుగుతుంటే రోడ్ల పేర్లు చదవండి, సరదాగా ఉంటుంది. మావో, డి గాల్, టిటో, మన నెహ్రూ, ఈమధ్య జిన్‌పింగ్, ఎప్పుడు ఎవరితో స్నేహమో అంతా రోడ్డెక్కించారు. మోనివోంగ్ రోడ్డులో ఫ్రెంచి ఎంబసీ గోడ బయటినుంచే చూడాలి, 1975 ఏప్రిల్‌లో తలదాచుకోవడానికి వచ్చిన కంబోడియన్లని ఆ గేటు నుంచే బయటికి పంపాల్సి వచ్చింది, వాళ్లలో రాకుమారుడు సిరిక్ మతక్ కూడా ఉన్నాడు. బోఫానా సెంటర్‌కి తప్పక వెళ్లండి, పాత కంబోడియా వీడియోలు, పాటలు ఉచితంగా చూపిస్తారు, ఆ పేరు ఎస్-21లో చంపిన ఒక అమ్మాయిది. రాజభవనం బాగుంది, 10 డాలర్లు ఎక్కువే.

ఇప్పటి రాజకీయం గురించి ఎవరినీ కదపకండి. 1985 నుంచి 2023 దాకా హున్ సేన్ ప్రధాని, తర్వాత కొడుకు హున్ మానెట్. ప్రధాన ప్రతిపక్షాన్ని 2017లో కోర్టు రద్దు చేసింది. విన్-విన్ స్మారకం అని ఊరి బయట పెద్దది కట్టారు, ఖ్మేర్ రూజ్ మిగులు దళాల్ని హున్ సేన్ మంచి మాటలతో కలుపుకొన్నాడన్నది అక్కడి కథ. శిల్పాలు ఎంత పెద్దవో చూడ్డానికి వెళ్లొచ్చు. 1997లో హున్ సేన్‌ దళాలకీ, అప్పట్లో ఆయనతో పాటు ఇంకో ప్రధానిగా ఉన్న రణరిద్ధ్ దళాలకీ మధ్య నాంపెన్ వీధుల్లో జరిగిన కాల్పుల గురించి అడిగితే మా గైడు ఎండ ఎక్కువగా ఉందన్నాడు. చట్టం కంటే చుట్టరికం బలంగా ఉన్నచోట ఏమవుతుందో మనవాళ్లకీ తగిలింది, డేటా ఎంట్రీ ఉద్యోగమని చెప్పి సైబర్ మోసాల కాంపౌండ్లలోకి అమ్మేసిన కుర్రాళ్ల సంగతి 2024లో విశాఖ పోలీసులు బయటపెట్టారు కదా. అందుకే ఇమ్మిగ్రేషన్‌లో మమ్మల్ని గుచ్చి గుచ్చి అడిగారు, రిటర్న్ టికెట్, హోటల్ కాగితం చేతిలో ఉంచుకోండి.

సియెం రీప్‌కి బస్సులో వెళ్లాం, ఆరు గంటలు. జెయింట్ ఐబిస్ బస్సులు శుభ్రంగా ఉన్నాయి, టైముకి నడుస్తాయి. దారిలో స్కున్ దగ్గర వేయించిన సాలీళ్లు అమ్ముతారు, ఆకలి రోజుల్లో మొదలైన తిండి అంటారు, మేం చూసి వదిలేశాం. శాకాహారులకి ఈ దేశంలో కష్టమే, కూరల్లోకి కూడా ప్రహోక్ అనే పులియబెట్టిన చేప ముద్ద వెళ్లిపోతుంది. కాంపోట్ మిరియాలు మాత్రం కొనండి, ఖ్మేర్ రూజ్ కాలంలో నాశనమైన తోటల్ని మళ్లీ వేసి నిలబెట్టారు.

అంకోర్ గురించి అందరూ రాస్తారు, నేను రెండే చెప్తాను. బాఫువోన్ గుడిని బాగుచేద్దామని ఫ్రెంచివాళ్లు 3 లక్షల రాళ్లు విప్పి పరిచారు, ఇంతలో యుద్ధం వచ్చింది, ఏ రాయి ఎక్కడిదో రాసుకున్న కాగితాలు ఖ్మేర్ రూజ్ చేతిలో పోయాయి, మళ్లీ పేర్చి ముగించేసరికి 2011. తా ప్రోమ్‌లో మన పురావస్తు శాఖ పని బాగుంది. మందుపాతరల గురించి తెలుసుకోవాలంటే అపోపో సెంటర్‌కి వెళ్లండి, వాసన పట్టి పాతరలు కనిపెట్టే ఆఫ్రికా ఎలుకల్ని చూపిస్తారు, బరువు తక్కువ కాబట్టి కాలేసినా పేలదు. మగావా అనే ఎలుక 2020లో బంగారు పతకం కొట్టింది, మొత్తం మీద వందకు పైగా పాతరలు, పేలని బాంబులు పట్టింది. వార్ మ్యూజియంలో తుప్పు ట్యాంకులు తప్ప ఏమీ లేవు, వదిలేయండి.

పోల్ పాట్ శవాన్ని టైర్లతో కాల్చేసిన అన్‌లాంగ్ వెంగ్ చూద్దామనుకున్నాం. 2025లో థాయ్‌లాండ్‌తో రెండుసార్లు యుద్ధం జరిగిన సరిహద్దుకి దగ్గర, ఏ డ్రైవరూ ఒప్పుకోలేదు. బదులుగా బెంగ్ మీలియా వెళ్లాం, రాళ్లు పడిపోయినవి పడిపోయినట్టే ఉన్న గుడి, పాతరలు తీసేశాకే జనాన్ని రానిచ్చారు, చెక్క మెట్ల దారి వదిలి దిగొద్దు. 62 డాలర్ల మూడు రోజుల అంకోర్ పాసు అక్కడా చెల్లుతుంది, ఆ మూడు రోజులూ పది రోజుల్లో ఎప్పుడైనా వాడుకోవచ్చు. దూరం ఎక్కువ, ఆటోలో వెళ్తే దుమ్ముతో నడుం పోతుంది, నలుగురు కలిసి కారు మాట్లాడుకోండి.